జాతీయతా చట్టాలు – సముద్రాంతర అధీన ప్రాంతాలు

సముద్రాల అవతల ఉన్న ఒక చిన్న భూభాగాన్ని మరో దేశం పాలిస్తున్నప్పుడు, అక్కడ పుట్టినవారు చట్టం దృష్టిలో ఏ దేశస్థులు, పాలక దేశానికి ఎవరి అనుమతీ లేకుండా వెళ్ళి స్థిరపడే హక్కు వారికి ఉందా, తమ నేల మీదికి బయటివారు వచ్చి పడకుండా అడ్డుకునే అధికారం వారి చేతిలో ఉందా అన్న మూడు ప్రశ్నలకు జవాబు చెప్పేది జాతీయతా చట్టం. ఆ జవాబును బట్టే అధీన ప్రాంతానికీ పాలక దేశానికీ మధ్య రాజకీయ సంబంధం చిక్కబడుతుంది లేదా పలచబడుతుంది. కొన్నిచోట్ల స్వాతంత్ర్యం అడగాలా వద్దా అన్నది కూడా దాన్ని బట్టే తేలింది. బెర్ముడా, జిబ్రాల్టర్, ఫాక్‌లాండ్, న్యూ కలెడోనియా, అమెరికన్ సమోవా, టోకెలావు వంటి 17 ప్రాంతాలు నేటికీ ఐక్యరాజ్యసమితి లెక్కలో స్వయంపాలన లేనివిగానే ఉన్నాయి. వీటికి తోడు యానాం, పుదుచ్చేరి, గోవా, హాంకాంగ్, సూరినామ్ వంటి పూర్వపు అధీన ప్రాంతాల్లోనూ పాలన ముగిసిన తరువాత జాతీయత తాలూకు లెక్కలు ఇంకా తెగకుండా మిగిలాయి.

పరిభాష

జాతీయత అంటే ఒక వ్యక్తికీ ఒక రాజ్యానికీ మధ్య అంతర్జాతీయ న్యాయం గుర్తించే బంధం. పాస్‌పోర్టు పొందడం, పరాయి దేశంలో ఆపద వస్తే రాయబార కార్యాలయం సాయం కోరడం దీనివల్లనే సాధ్యమవుతాయి. పౌరసత్వం అంటే ఆ రాజ్యం లోపల ఓటు వేయడం, పదవికి పోటీ చేయడం వంటి రాజకీయ హక్కుల మొత్తం. నివాస హక్కు అంటే వీసా గానీ గడువు గానీ లేకుండా దేశంలో ప్రవేశించి ఉండిపోగల హక్కు. భారతదేశం వంటి స్వతంత్ర దేశాల్లో ఈ మూడూ కలిసే ఉంటాయి గనుక సామాన్యుడికి వాటి మధ్య తేడా చూడవలసిన అవసరమే రాదు. అధీన ప్రాంతాల విషయంలో మాత్రం పాలక దేశాలు వీటిని విడదీసి, ఒకటి ఇచ్చి మరొకటి బిగపట్టాయి.

నాలుగో భావన స్థానికత. బ్రిటిష్ అధీనంలోని కరీబియన్ ద్వీపాల్లోనూ బెర్ముడాలోనూ ఓటు వేయడానికి, భూమి కొనడానికి, అనుమతి పత్రం లేకుండా ఉద్యోగం చేయడానికి పాస్‌పోర్టు ఒక్కటే చాలదు, ద్వీపవాసి అన్న ప్రత్యేక హోదా ఉండాలి. హైదరాబాదు రాజ్యంలోని ముల్కీ నిబంధనల చరిత్ర తెలిసిన తెలుగు పాఠకులకు ఈ ఏర్పాటు కొత్తగా తోచదు: ఒకే జెండా కింద ఉన్నవారిలోనే ఈ గడ్డవారు వేరు, వచ్చి చేరినవారు వేరు అని గీసే గీత అది. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పరాయి రాజ్యం వచ్చి పాలించే చోటునూ, పొట్ట చేతపట్టుకుని మనుషులు పోయే పోకనూ తెలుగులో ‘వలస’ అనే ఒకే మాటతో చెప్పుకుంటాము. యాదృచ్ఛికమే అయినా, ఇరవయ్యో శతాబ్దపు జాతీయతా చట్టాల కథంతా మొదటి వలస రెండో వలసగా తిరిగి వచ్చినప్పుడు పాలక దేశాలు పడిన గాభరా కథే.

రాజు ప్రజల నుండి పౌరుల దాకా

ఇంగ్లండులో జాతీయతకు పాత పునాది రాజుపట్ల విధేయత. 1608లో కాల్విన్ కేసుగా పేరుపడిన వ్యాజ్యంలో, స్కాట్లండులో పుట్టినవాడైనా అదే రాజుకు పుట్టుకతో విధేయుడు గనుక ఇంగ్లండులో పరాయివాడు కాడని న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాజు ఏలే నేల ఎక్కడున్నా అక్కడ పుట్టినవారందరూ సమానంగా రాజు ప్రజలే అన్న సిద్ధాంతం దానినుండి పుట్టింది. 1673లో రెండో చార్లెస్ ఈస్టిండియా కంపెనీకి సెయింట్ హెలీనా ద్వీపాన్ని అప్పగించిన శాసనంలోనూ, అక్కడ స్థిరపడేవారికీ వారి సంతానానికీ ఇంగ్లండులో పుట్టినవారికి ఉండే స్వేచ్ఛలన్నీ ఉంటాయన్న హామీ ఉంది. కాగితం మీద ఇది ఉదారమైన సిద్ధాంతమే గానీ, అందరూ సమానంగా ప్రజలు కావడానికీ పాలనలో సమానంగా భాగస్వాములు కావడానికీ మధ్య ఉన్న అగాధాన్ని అది తాకలేదు.

ఫ్రాన్సు ఈ అగాధాన్ని దాచకుండా చట్టంలోనే రాసుకుంది. 1865లో అల్జీరియాకు వర్తించేలా చేసిన శాసనం ప్రకారం అక్కడి ముస్లిములు ఫ్రెంచివారే గానీ ఫ్రెంచి పౌరులు కారు. పౌరులు కావాలంటే పెళ్ళి, వారసత్వం వంటి విషయాల్లో తమ మత ధర్మాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరస్మృతికి లోబడాలి. నెదర్లాండ్స్ 1910లో ఇండోనేసియా ప్రజలకు, డచ్చి ప్రజలే గానీ డచ్చివారు కారు అన్న విచిత్రమైన హోదా కట్టబెట్టింది. ఈ మెట్లను కూలదోసే ప్రయత్నం ఫ్రాన్సులో 1946 మే 7న జరిగింది. సెనెగల్ ప్రతినిధి లమీన్ గే పేరుతో వచ్చిన చట్టం సముద్రాంతర ప్రాంతాల ప్రజలందరినీ పౌరులను చేసింది. పౌరసత్వం అందరికీ దక్కినా ఓటు విలువ మాత్రం అన్నిచోట్లా సమానం కాలేదు.

బ్రిటన్: తలుపు తెరవడం, మూయడం

బ్రిటిష్ జాతీయతా చట్టం, 1948 ప్రకారం బ్రిటన్‌లో పుట్టినవారికీ దాని వలస రాజ్యాల్లో పుట్టినవారికీ ఒకే పౌరసత్వం, ఒకే పేరుతో దక్కింది. జమైకా రైతుకూ లండన్ గుమాస్తాకూ మధ్య చట్టంలో తేడా లేదు. ఇద్దరికీ బ్రిటన్‌లో ఉండే హక్కు ఉంది. సామ్రాజ్యాన్ని ఒక కుటుంబంగా నిలబెట్టుకోవాలన్న ఆశతో చేసిన ఈ చట్టాన్ని నమ్ముకుని నల్లవారు, గోధుమరంగువారు నిజంగానే ఓడలెక్కి వస్తారని చేసినవారు పెద్దగా ఊహించలేదు. వారు రావడం మొదలైన పద్నాలుగేళ్ళకు, 1962లో, కామన్‌వెల్త్ వలసదారుల చట్టం వచ్చింది.

ఈ చట్టం పౌరసత్వం జోలికి పోకుండా పాస్‌పోర్టు మీద ఎవరి సంతకం ఉందో చూసింది. లండన్ ప్రభుత్వం పేరిట జారీ అయిన పాస్‌పోర్టు ఉన్న పౌరుడికి అడ్డు లేదు. వలస రాజ్యపు గవర్నరు పేరిట జారీ అయినదైతే, పౌరసత్వం అదే అయినా, రేవులో ఆపి పంపించవచ్చు. ఈ మెలిక ఆరేళ్ళకే చట్టకర్తలకు ఎదురు తిరిగింది. 1963లో కెన్యా స్వతంత్రం కాగానే అక్కడ గవర్నరు పోయి బ్రిటిష్ హైకమిషన్ వచ్చింది. కెన్యా పౌరసత్వం తీసుకోని గుజరాతీ, పంజాబీ కుటుంబాలకు పాస్‌పోర్టులు ఇప్పుడు లండన్ ప్రభుత్వం పేరిటే జారీ కావడంతో, 1962 నాటి అడ్డు వారికి వర్తించకుండా పోయింది. వారు పెద్దసంఖ్యలో వస్తుండడం చూసి 1968లో పార్లమెంటు మూడు రోజుల్లో మరో చట్టం చేసి, తాను గానీ తల్లిదండ్రుల్లో, వారి తల్లిదండ్రుల్లో ఒకరు గానీ బ్రిటన్‌లో పుట్టి ఉండాలన్న తరహా షరతు పెట్టింది. 1971 చట్టం ఇదే సూత్రాన్ని స్థిరపరిచింది. రంగు పేరెత్తకుండా రంగును ఏరివేసే పని తాతగారి జన్మస్థలం ఎంత చక్కగా చేయగలదో ఈ చట్టాలు చూపాయి.

చట్టం రాసుకున్నదానికీ వాస్తవానికీ మధ్య ఏర్పడిన ఈ పొంతనలేమిని సరిచేస్తూ వచ్చినది బ్రిటిష్ జాతీయతా చట్టం, 1981. 1983 జనవరి 1న అమలులోకి వచ్చిన ఈ చట్టం పాత ఒకే పౌరసత్వాన్ని మూడుగా చీల్చింది: నివాస హక్కు గల బ్రిటిష్ పౌరసత్వం, వలస రాజ్యాలుగా మిగిలిన ప్రాంతాల వారికి అధీన ప్రాంతాల పౌరసత్వం, ఈ రెండింటిలోనూ ఇమడని వారికి, ఎక్కడా నివాస హక్కు ఇవ్వని సముద్రాంతర పౌరసత్వం. రెండో తరగతిలో పడినవారికి బ్రిటన్‌లో ఉండే హక్కు లేదు. ఆ తరగతి ఏర్పాటుకు అసలు కారణం ఆనాడు 50 లక్షలకు పైగా జనాభా ఉన్న హాంకాంగ్ అన్నది బహిరంగ రహస్యం. అక్కడి లక్షలాది బ్రిటిష్ జాతీయులకు తలుపు వేయాలంటే, చట్టం సమానంగా కనబడడం కోసం, నాలుగైదు వేల మంది ఉండే సెయింట్ హెలీనాకూ తలుపు వేయవలసి వచ్చింది.

అయితే మినహాయింపులు వెంటనే మొదలయ్యాయి, వాటిలోనే రాజకీయం బయటపడింది. జిబ్రాల్టర్ వాసులు యూరోపియన్ సమాజపు నిబంధనల దృష్టిలో అప్పటికే బ్రిటన్ జాతీయులుగా లెక్కకు వచ్చేవారు గనుక, అడిగిన వెంటనే పూర్తి పౌరులుగా నమోదయ్యే హక్కు వారికి చట్టంలోనే దొరికింది. 1967 ప్రజాభిప్రాయ సేకరణలో స్పెయిన్‌తో కలవడానికి 44 మంది, బ్రిటన్‌తో ఉండడానికి 12,138 మంది ఓటు వేసిన ఊరును, రెండేళ్ళకు స్పెయిన్ సరిహద్దు మూసివేసిన ఊరును దూరం పెట్టడం పార్లమెంటుకు ఇష్టం లేకపోయింది.

ఫాక్‌లాండ్ ద్వీపాలకు ఆ అదృష్టం మొదట పట్టలేదు. 1800 మంది ద్వీపవాసుల్లో తాత బ్రిటన్‌లో పుట్టినవారికి 1981 చట్టం పూర్తి పౌరసత్వం ఇచ్చి, నాలుగైదు తరాలుగా ఆ గాలికొండల మీద గొర్రెలు కాసుకుంటూ ఉండిపోయిన పాత కుటుంబాలను అధీన ప్రాంతపు పౌరులుగా తేల్చింది; అంటే ఎవరు ఎంత ఎక్కువ కాలం బ్రిటిష్ జెండా కింద ద్వీపంలో ఉంటే వారు అంత తక్కువ బ్రిటిష్ వారయ్యారు. ద్వీపాల నుండి బ్రిటన్ మెల్లగా తప్పుకోవాలనుకుంటోందని అర్జెంటీనా సైనిక పాలకులు అనుకోవడానికి గస్తీ ఓడ ఉపసంహరణ ప్రకటన వంటి సూచనలతో పాటు ఈ చట్టాన్నీ చరిత్రకారులు ఉదహరిస్తారు. 1982 ఏప్రిల్ 2న దాడి, జూన్ 14న లొంగుబాటు. మధ్యలో 255 మంది బ్రిటిష్, 649 మంది అర్జెంటీనా సైనికులు, ముగ్గురు ద్వీపవాసులు చనిపోయారు. ఎవరి కోసం ఇంత యుద్ధం జరిగిందో వారు పూర్తి పౌరులు కారన్న మాట యుద్ధం గెలిచిన ప్రభుత్వానికి మింగుడుపడలేదు. 1983 మార్చిలో ప్రత్యేక చట్టం చేసి, దానిని జనవరి 1 నుండే అమలైనట్టు వెనక్కి జరిపి, ద్వీపవాసులందరినీ బ్రిటిష్ పౌరులను చేశారు.

హాంకాంగ్

అదే కాలంలో హాంకాంగ్ వ్యవహారం వేరే దారి పట్టింది. 1984 డిసెంబరు 19న బ్రిటన్, చైనా సంయుక్త ప్రకటన మీద సంతకాలు చేశాక, 1997తో అధీన ప్రాంతపు పౌరసత్వమే అంతరించిపోతుంది గనుక, దాని స్థానంలో సముద్రాంతర బ్రిటిష్ జాతీయత అనే కొత్త హోదాను సృష్టించి 1987 జులై 1 నుండి అమలు చేశారు. బ్రిటన్‌లో నివాస హక్కు ఇవ్వనిది, పిల్లలకు సంక్రమించనిది, గడువులోగా దరఖాస్తు పెట్టుకుంటే తప్ప రానిది ఈ హోదా. 1989లో బీజింగ్‌లో విద్యార్థుల మీద కాల్పులు జరిగాక హాంకాంగ్‌లో భయం పెరిగి చదువుకున్నవారు కెనడా, ఆస్ట్రేలియాలకు తరలిపోవడం మొదలుపెడితే, వారిని నిలపడానికి 1990లో మరో చట్టం వచ్చింది: అధికారులు, వృత్తినిపుణులు, వ్యాపారుల్లోంచి ఏరిన 50,000 మంది కుటుంబ పెద్దలకు పూర్తి పౌరసత్వం. వారిని బ్రిటన్‌కు రప్పించడం దీని ఉద్దేశం కాదు. వెళ్ళే దారి జేబులో ఉంటే మనిషి నిబ్బరంగా ఉన్నచోటే ఉంటాడన్నది దాని వెనుక ఉన్న లెక్క. చైనా ఈ ఏర్పాటును గుర్తించలేదు. ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోని తన 1980 చట్టానికి 1996లో వివరణ ఇస్తూ, చైనా సంతతి హాంకాంగ్ వాసులు ఏ కాగితం చేతపట్టుకున్నా చైనా జాతీయులేనని తేల్చింది.

ఈ రెండు చట్టాల మధ్య నలిగినవారు చైనా సంతతికి చెందని కొన్ని వేలమంది. వారిలో తరతరాలుగా అక్కడ వ్యాపారం చేసుకుంటున్న సింధీలు, ఇతర భారతీయ సంతతి వారు ఎక్కువ. చైనా వారిని తనవారనదు, భారతదేశ పౌరసత్వం వారికి లేదు, బ్రిటన్ ఇచ్చిన హోదాతో బ్రిటన్‌లోనే ఉండే వీలు లేదు. ఎన్నో ఏళ్ళ విజ్ఞప్తుల తరువాత, అప్పగింతకు కొద్ది నెలల ముందు, 1997లో వారికి పూర్తి పౌరసత్వం ఇచ్చే చట్టం అయింది. మిగిలిన లక్షల మంది చేతిలో ఉన్న సముద్రాంతర జాతీయత రెండు దశాబ్దాలకు పైగా ప్రయాణానికి తప్ప ఎందుకూ పనికిరాని కాగితంగా ఉండిపోయి, 2020 జూన్ 30న చైనా జాతీయ భద్రతా చట్టం తేవడంతో ఒక్కసారిగా ప్రాణం పోసుకుంది. బ్రిటన్ ఆ హోదా ఉన్నవారికీ వారి కుటుంబాలకూ 2021 జనవరి 31 నుండి నివాసానికీ, తరువాత పౌరసత్వానికీ దారితీసే వీసా ఇవ్వడం మొదలుపెట్టింది. చైనా అదే రోజు నుండి ఆ పాస్‌పోర్టును ప్రయాణ పత్రంగా గుర్తించడం మానేసింది. 1981లో వేసిన తలుపును తెరవడానికి ఆ ప్రాంతం బ్రిటన్ చేతిలోంచి పోవలసి వచ్చింది.

2002 చట్టం తరువాత

హాంకాంగ్ అప్పగింత ముగియగానే మిగిలిన అధీన ప్రాంతాల మొత్తం జనాభా సుమారు రెండు లక్షలకు తగ్గింది. బిషప్ నియమించిన సంఘం ఒకటి 1992 నుండి సెయింట్ హెలీనా తరఫున 1673 నాటి రాజశాసనాన్ని చూపుతూ చేస్తున్న వాదన అప్పుడు గానీ లండన్ చెవికి ఎక్కలేదు. బ్రిటిష్ సముద్రాంతర ప్రాంతాల చట్టం, 2002 అధీన అన్న మాటను తీసివేసి, సైప్రస్‌లోని సైనిక స్థావరాలతో మాత్రమే సంబంధం ఉన్నవారిని మినహాయించి, ఈ ప్రాంతాల పౌరులందరికీ ఆ ఏడాది మే 21 నుండి పూర్తి బ్రిటిష్ పౌరసత్వం ఇచ్చింది. సెయింట్ హెలీనాలో దీని ఫలితం ఇంటింటా కనబడింది: పనిచేయగల వయసువారు బ్రిటన్‌కు వెళ్ళిపోవడంతో ద్వీపం జనాభా పదేళ్ళలో దాదాపు అయిదు వేల నుండి నాలుగు వేలకు పడిపోయి, వృద్ధులను చూసుకునేవారు కరవయ్యారు. పోరాడి సాధించుకున్న హక్కు ఊరిని ఖాళీ చేయడం అధీన ప్రాంతాల చరిత్రలో తరచూ కనబడేదే.

ఈ పౌరసత్వం ఒకవైపు నుండే నడుస్తుంది. కేమన్ ద్వీపవాసి లండన్‌లో ఇష్టమైనంత కాలం ఉండవచ్చు. లండన్ వాసి కేమన్ ద్వీపాల్లో ఉద్యోగం చేయాలంటే అనుమతి పత్రం కావాలి. 1999లో బ్రిటన్ ఈ ప్రతిపాదనను ప్రకటించినప్పుడే, పాలక దేశం నుండి జనం వచ్చి పడితే తమ చిన్న ఊళ్ళు తట్టుకోలేవన్న ద్వీపాల ఆందోళనను ఒప్పుకుని ఎదురు హక్కు అడగలేదు. ఈ ఏర్పాటు వల్ల స్వాతంత్ర్య వాదం బలహీనపడిందన్న అభిప్రాయం ఉంది. బెర్ముడాలో మాత్రం పూర్తి పౌరసత్వం రాకముందే, 1995లో, దాదాపు నాలుగింట మూడు వంతుల ఓట్లతో స్వాతంత్ర్యాన్ని తిరస్కరించారు గనుక, దీనికి పౌరసత్వమే కారణమనడం తొందరపాటు.

పౌరసత్వానికీ సొంత నేలకూ మధ్య సంబంధం పూర్తిగా తెగిపోయిన చోటు చాగోస్ దీవులు. మారిషస్‌కు స్వాతంత్ర్యం ఇవ్వడానికి ముందు, 1965లో, బ్రిటన్ ఈ దీవులను దాని నుండి విడదీసి, డియేగో గార్సియాలో అమెరికా సైనిక స్థావరం కోసం 1968–1973 మధ్య అక్కడివారినందరినీ మారిషస్‌కూ సీషెల్స్‌కూ తరలించింది. దీవుల్లో స్థిర జనాభా లేదని, ఉన్నవారు కొబ్బరితోటల కాంట్రాక్టు కూలీలేనని చెప్పుకోవాలంటే వారిని తన జాతీయులుగా గుర్తించకపోవడం బ్రిటన్‌కు అవసరమైంది. 2002 చట్టం ప్రవాసంలో పుట్టిన ఒక తరానికి, 2022 చట్టం వారి తరువాతి తరాలకు బ్రిటిష్ పౌరసత్వానికి దారి చూపాయి. ఆ పౌరసత్వంతో వారు లండన్ దగ్గరి క్రాలీ పట్టణంలో ఇల్లు కట్టుకోగలిగారు గానీ, పుట్టిన దీవిలో అడుగుపెట్టే హక్కు రాలేదు. దానిని నిరాకరించిన 2004 రాజాజ్ఞలను 2008లో అత్యున్నత న్యాయస్థానం సమర్థించింది. 2025 మే 22న దీవుల సార్వభౌమత్వాన్ని మారిషస్‌కు అప్పగించే ఒప్పందం మీద సంతకాలైనప్పుడు, తమను అడగకుండా తమ నేలను మళ్ళీ చేతులు మార్చారని వారిలో ఒక వర్గం ఆరోపించింది.

యానాం, పుదుచ్చేరి

తెలుగు నేల మీద ఈ విషయానికి సంబంధించిన ప్రత్యక్ష ఉదాహరణ గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న 30 చదరపు కిలోమీటర్ల యానాం. చందర్‌నగర్, పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో కలిసి ఫ్రెంచి ఇండియాలో భాగమైన ఈ ఊరి ప్రజలకు 1881 సెప్టెంబరు 21 నాటి ఆజ్ఞ ఒక ఎంపిక ఇచ్చింది. హిందూ, ముస్లిం ధర్మశాస్త్రాల కింద తమకున్న వైయక్తిక స్థితిని వదులుకుంటున్నట్టు అధికారి ముందు ప్రకటించి, ఒక ఇంటిపేరు నమోదు చేయించుకున్నవారు ఫ్రెంచి పౌరస్మృతి కిందికి వస్తారు. దీనికి నాంది పలికిన వ్యాజ్యం పుదుచ్చేరి న్యాయస్థానంలో చెప్పుల దగ్గర మొదలైంది. 1873లో పొన్నుతంబి పిళ్ళై అనే న్యాయవాది యూరోపియన్ పద్ధతిలో బూట్లు వేసుకుని కోర్టుకు రాగా న్యాయమూర్తి అభ్యంతరం చెప్పాడు; తగవు పారిస్‌లోని ఉన్నత న్యాయస్థానం దాకా వెళ్ళి పిళ్ళై పక్షాన తేలింది. తరువాత ఆయన తన వైయక్తిక స్థితిని త్యజించి లా పోర్త్ అన్న ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఫ్రెంచిలో ఆ మాటకు తలుపు అని అర్థం. ఇలా త్యజించినవారిలో కులవ్యవస్థ అట్టడుగున ఉన్నవారు, క్రైస్తవులు ఎక్కువ. వారు వదులుకున్నదాంట్లో అవమానం పాలే అధికమని గుర్తుంచుకుంటే ఆ ఎంపిక అర్థమవుతుంది. ఓటర్ల జాబితాల్లోనూ వీరిని కొంతకాలం వేరే వర్గంగా లెక్కించడంతో, జాతీయతా చట్టంలోని విభజన ఎన్నికల్లో ముఠా రాజకీయంగా మారింది.

దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13న యానాం విముక్తమయింది. అక్టోబరు 21 ఒప్పందం ప్రకారం నవంబరు 1న చందర్‌నగర్ కాక మిగిలిన నాలుగు స్థావరాల పాలన భారతదేశానికి వచ్చింది. సార్వభౌమత్వాన్ని బదిలీ చేసే ఒడంబడిక మీద 1956 మే 28న సంతకాలైనా, అల్జీరియా యుద్ధం నడుస్తున్నంత కాలం ఫ్రెంచి పార్లమెంటు దానిని ఆమోదించలేదు. అక్కడ భూభాగం వదులుకోవడానికి ఇక్కడిది ఉదాహరణ అవుతుందన్న జంకు దానికి ఒక కారణం. 1962 జులైలో అల్జీరియా స్వతంత్రమైంది; ఆగస్టు 16న ఒడంబడిక అమలులోకి వచ్చింది. అంటే దాదాపు ఎనిమిదేళ్ళ పాటు యానాం ప్రజలు భారత పాలనలో బతుకుతూ, చట్టం దృష్టిలో ఫ్రెంచి జాతీయులుగానే ఉన్నారు.

ఒడంబడిక జాతీయతను ఇలా పంచింది: స్థావరాల్లో పుట్టి అక్కడే గానీ భారతదేశంలో మరోచోట గానీ కాపురం ఉంటున్న ఫ్రెంచి జాతీయులు తమంత తామే భారత పౌరులవుతారు, ఫ్రెంచి జాతీయత అట్టేపెట్టుకోదలచినవారు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా ప్రకటించాలి. స్థావరాల్లో పుట్టి ఇతర దేశాల్లో ఉన్నవారికి నియమం తిరగబడుతుంది. వారు ఫ్రెంచివారుగానే ఉంటారు, భారత పౌరసత్వం కావాలంటే వారే కోరాలి. పెళ్ళికాని మైనరు పిల్లలకు తండ్రి ఎంపిక, తండ్రి లేకపోతే తల్లి ఎంపిక వర్తించింది. గడువు ముగిసే 1963 ఫిబ్రవరి నాటికి సుమారు 5 వేల మంది ఫ్రాన్సును ఎంచుకున్నారు. వారి సంతతి ఇప్పటికీ పుదుచ్చేరి నుండే ఫ్రాన్సు అధ్యక్ష ఎన్నికల్లో ఓటు వేస్తోంది, ఫ్రెంచి సైన్యంలో పనిచేసిన కుటుంబాలు పింఛను అందుకుంటున్నాయి.

అదే ఫ్రాన్సుకు న్యూ కలెడోనియాలో తలనొప్పి మరో రకంది. అక్కడ అందరూ సమాన ఫ్రెంచి పౌరులే. అయినా ఫ్రాన్సు నుండి వచ్చి చేరేవారి ఓట్లలో మూలవాసులైన కనక్‌ల ఓటు మునిగిపోతుందన్న భయంతో, 1998 మే 5 నాటి నూమియా ఒప్పందం జాతీయత లోపల స్థానిక పౌరసత్వం అనే గడిని కట్టింది. స్థానిక ఎన్నికల ఓటర్ల జాబితాను 2007లో రాజ్యాంగ సవరణ ద్వారా స్తంభింపజేశారు. 2018, 2020, 2021లలో మూడు ప్రజాభిప్రాయ సేకరణలు స్వాతంత్ర్యాన్ని తిరస్కరించాయి, మూడోదాన్ని కనక్‌లు బహిష్కరించారు. 2024 మేలో ఆ జాబితాను సడలించే బిల్లు పారిస్‌లో చర్చకు రాగానే నూమియా తగలబడింది. అందరినీ సమానం చేయడమే అన్యాయంగా తోచే పరిస్థితి కూడా ఉంటుందన్నది పారిస్‌లోని శాసనకర్తలకు తేలికగా ఒంటబట్టే సంగతి కాదు.

అమెరికా, నెదర్లాండ్స్, పోర్చుగల్

అమెరికా 1898లో స్పెయిన్ నుండి ప్యూర్టో రికో, గువామ్, ఫిలిప్పీన్స్ పొందాక, ప్యూర్టో రికో వాసులు పరాయివారు కారని 1904లో సుప్రీంకోర్టు తేల్చింది గానీ, పౌరులా కాదా అన్నది తేల్చకుండా మధ్యస్థితిలోనే వదిలేసింది. 1917లో పౌరసత్వం పొందిన ప్యూర్టో రికో వాసి ఇల్లు మార్చి ఫ్లోరిడాలో దిగితే దేశాధ్యక్షుడి ఎన్నికలో ఓటు వేయగలడు. తిరిగి ద్వీపానికి వెళ్తే ఆ ఓటు పోతుంది. ఫిలిప్పీన్స్‌కు స్వాతంత్ర్యం వాగ్దానం చేసిన 1934 చట్టం, వారు ఇంకా అమెరికా జాతీయులుగా ఉండగానే, వలస విషయంలో వారిని పరాయివారిగా లెక్కగట్టి ఏడాదికి 50 మందికే అనుమతి ఇచ్చింది. ఆ స్వాతంత్ర్య దానంలో కాలిఫోర్నియా పొలాల్లో ఫిలిపినో కూలీలను వద్దనుకున్నవారి పాలు తక్కువేమీ కాదు. అమెరికన్ సమోవాలో పుట్టినవారి పాస్‌పోర్టు చివరి పుటల్లో నేటికీ, ఈ పత్రం కలవారు అమెరికా జాతీయులే గానీ పౌరులు కారన్న ముద్ర ఉంటుంది. పౌరసత్వం కోరుతూ కొందరు వేసిన దావాలను అక్కడి ప్రభుత్వమే వ్యతిరేకించింది; పూర్తి పౌరసత్వంతో రాజ్యాంగంలోని సమానత్వ సూత్రం వచ్చి, భూమి సమోవా వంశీయుల చేతుల్లోనే ఉండాలన్న నియమమూ, కుటుంబ పెద్దల మతాయి వ్యవస్థా కొట్టుకుపోతాయన్నది దాని భయం. 2022లో సుప్రీంకోర్టు ఈ తగవును వినడానికి నిరాకరించింది.

సూరినామ్ 1975 నవంబరు 25న స్వతంత్రం కావడంలో డచ్చి వామపక్ష ప్రభుత్వపు ఆదర్శంతో పాటు, సూరినామ్ వాసుల రాకకు అడ్డుకట్ట వేయాలన్న కోరికా ఉంది. ఫలితం తలకిందులైంది: జాతీయత పోతుందన్న భయంతోనూ, 1980 వరకు తెరిచి ఉంచిన దారిలోనూ జనాభాలో దాదాపు మూడో వంతు నెదర్లాండ్స్‌కు తరలిపోయింది. పోర్చుగల్ ఆఫ్రికాలోని తన పూర్వ ప్రజల్లో అత్యధికుల జాతీయతను 1975లో రద్దు చేసినా, గోవా, డామన్, డయ్యూలలో 1961 డిసెంబరు 19కి ముందు పుట్టినవారికీ వారి సంతతికీ దారి తెరిచే ఉంచింది. మకావు చైనీయుల్లో అనేకులకు పూర్తి పౌరసత్వం ఇచ్చి, పక్కనే హాంకాంగ్‌లో బ్రిటన్ చేయలేనిది చేసి చూపింది.

న్యూజిలాండ్ పాస్‌పోర్టు

కుక్ దీవులు 1965లో, నియూ 1974లో న్యూజిలాండ్‌తో స్వేచ్ఛా సంబంధం అనే ఏర్పాటులోకి వెళ్ళాయి: ఇంటి వ్యవహారాల్లో పూర్తి స్వయంపాలన, చేతిలో మాత్రం న్యూజిలాండ్ పౌరసత్వం. 1982లో ప్రీవీ కౌన్సిల్ లేసా కేసులో 1924–1948 మధ్య పశ్చిమ సమోవాలో పుట్టినవారందరూ న్యూజిలాండ్ పౌరులేనని తీర్పు చెప్పినప్పుడు, కొద్ది వారాల్లోనే చట్టం చేసి ఆ తీర్పును దాదాపు నిష్ఫలం చేసిన దేశమే, సంఖ్య చిన్నదైన కుక్ దీవులకు, నియూకు, టోకెలావుకు అదే పౌరసత్వాన్ని కాపాడుతూ వచ్చింది. టోకెలావు ఇదే స్వేచ్ఛా సంబంధం కోసం 2006లోనూ 2007లోనూ ఓటు వేసి, రెండుసార్లూ కావలసిన మూడింట రెండు వంతుల మెజారిటీ అందుకోలేకపోయింది.

2024 చివర్లో కుక్ దీవుల ప్రధాని మార్క్ బ్రౌన్ తమకంటూ వేరే పాస్‌పోర్టు ఉండాలని ప్రతిపాదించినప్పుడు, న్యూజిలాండ్ పౌరసత్వాన్ని అట్టేపెట్టుకుంటూ వేరే పాస్‌పోర్టు కుదరదని, కావాలంటే పూర్తి స్వాతంత్ర్యానికి ప్రజల తీర్పు కోరవచ్చని వెల్లింగ్టన్ బదులిచ్చింది. ప్రధాని 2025 ఫిబ్రవరిలో ఆ ప్రతిపాదనను విరమించుకుని, అదే నెలలో చైనాతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఆ వారంలోనే రారోటోంగాలో పార్లమెంటు భవనం ముందు చేరిన కొన్ని వందలమంది ద్వీపవాసుల్లో పలువురు, తమ ప్రభుత్వానికి నిరసనగా, నల్ల అట్ట మీద వెండి అక్షరాలున్న న్యూజిలాండ్ పాస్‌పోర్టులను పైకెత్తి పట్టుకున్నారు.